మేడ మీద గదిలో పడవ

నాకు నీళ్లంటే భయమన్న సంగతి మా ల్యాబ్ సారుకు తెలియదు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అడిగి ఉన్నా చెప్పేదాన్ని కాదేమో. కొత్తవాళ్ల ముందు నా నోట్లోంచి వచ్చేవి రెండే మాటలు, ‘అలాగేనండీ’, ‘పర్లేదండీ’.

మాది చేపల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్. ఏలూరు స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటుంది. కింద చేపల మందుల షాపు, పైన రెండు గదులు. కొల్లేరు చుట్టుపక్కల రైతులు సీసాల్లో పట్టి తెచ్చిన నీళ్లు నా బల్ల మీదికి వస్తాయి. వాటిలో అమ్మోనియా ఎంత ఉంది, ఉప్పదనం ఎంత ఉంది అని చూసి కాగితం మీద రాసివ్వడం నా పని. సీసాలోకి వచ్చేసిన నీళ్లంటే నాకు భయం లేదు. వాటికి మూత ఉంటుంది, ఊరి పేరు రాసిన చీటీ ఉంటుంది. కాలవలోనో చెరువులోనో ఉన్న నీళ్ల సంగతి వేరు.

ఏడేళ్లప్పుడు కార్తీకమాసంలో అమ్మతో కలిసి మా ఊరు తాడేపల్లిగూడెంలోనే కాలవ దగ్గరికి వెళ్లాను. అరటి దొప్పలో దీపం పెట్టి వదలబోతూ మెట్టు మీద జారాను. చుట్టూ నలుపు. పైన ఎక్కడో దీపాలు వంకరలు తిరుగుతూ కనిపించాయి. చెవుల్లో పెద్ద హోరు. అమ్మ నా జడ పట్టుకొని పైకి లాగిందట, అది నాకు గుర్తులేదు. గుర్తున్నదల్లా ఆ వంకర దీపాలే. ఆ తరవాత నీళ్లు చీలమండ దాటితే నా కాళ్లు నా మాట వినవు.

ఇంట్లో మాకు ఉల్లిపాయల వ్యాపారం. మా ఇంటి ఆడవాళ్లలో ఉద్యోగానికి వెళ్లినదాన్ని నేనే మొదలు. ఒప్పుకున్న రోజున నాన్నగారు ఒకే మాట అన్నారు. “ఎప్పుడైనా ఇబ్బందిగా ఉందనిపిస్తే ఆ రోజే మానేద్దువుగానమ్మా. మన కొట్టుంది, కుర్చీ వేయిస్తాను, కూర్చుందువుగాని.” ప్రేమతోనే అన్నారు. అందుకే ఆ కుర్చీ అంటే నాకు హడలు. గట్టిగా కాదన్నవాళ్లతో పోట్లాడవచ్చు. కుర్చీ వేయిస్తానన్నవాళ్లతో ఏమని పోట్లాడతాం?

పొద్దున రైల్లో కిటికీ పక్క సీటు దొరికితే పుస్తకం చదువుకునేదాన్ని. అట్ట కనపడకుండా దానికి పాత పేపరు తొడిగి ఉంచేదాన్ని. ఎవరైనా ఏం చదువుతున్నావని అడుగుతారేమోనని బెదురు. సాయంత్రం తిరుగు రైల్లో డైరీ. భీమడోలు వచ్చేలోపు ఒక పేజీ నిండేది. ఆ ఉద్యోగం పోతే నేను పోగొట్టుకునేది ఆ రెండు ప్రయాణాలు. ఇంట్లో నాకంటూ అంతసేపు ఎక్కడా దొరకదు.

ఇలా ఉండగా, చెరువుల మీదికి వెళ్లి నీళ్లు పట్టుకొచ్చే మనిషి పని మానేసి మేత కంపెనీలో చేరిపోయాడు. సారు నన్ను పిలిచి, వచ్చే నెల నుంచి ఆ పని నన్నే చూసుకోమన్నారు. వారానికి ఒక పూటే అన్నారు. గట్టు పక్కన పట్టిన నీళ్లతో చెరువు సంగతి తేలదు, పడవలో మధ్యకి వెళ్లి అడుగు దగ్గర నీళ్లు పట్టాలి. పట్టిన సీసాలో అక్కడికక్కడే రెండు మందులు చుక్కలు వేసి మూత బిగించాలి. ఆలస్యమైతే ప్రాణవాయువు ఎంతుందో సరిగ్గా తేలదు. మందులు వేసే మనిషికి ఆ చదువు ఉండాలి. ఇదంతా చెప్పి, “భయం ఏం లేదు కదమ్మా?” అని అడిగారు.

“పర్లేదండీ” అన్నాను.

ఆ రాత్రి డైరీలో ‘పడవ’ అని ఒక్క మాట రాసి మూసేశాను.

అదే వారం మా పెదనాన్నగారి అబ్బాయి విశాఖపట్నం నుంచి వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలుగు రోజులు ఇంటి నుంచే పని చేసుకుంటానని లాప్‌టాప్‌తో పాటు ఇంకో పెట్టె కూడా తెచ్చాడు. అందులో తెల్లటి వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్. ఈతగాళ్ల కళ్లద్దాలను నాలుగింతలు ఉబ్బించినట్టుంది. దానికి కంప్యూటర్ అక్కర్లేదని, వైరు అక్కర్లేదని, ఫోను కూడా అక్కర్లేదని అన్నయ్య మా అమ్మకు గొప్పగా చెప్పాడు. “బుర్రంతా దీంట్లోనే ఉంది పిన్నీ.”

“మరి పెట్టుకున్నవాళ్ల బుర్ర ఎక్కడ దాచుకోవాలి నాన్నా?” అంది అమ్మ.

అయినా పెట్టుకొని చూసింది. కొండ మీది నుంచి జలపాతం దూకుతోందట. అమ్మ మా హాల్లో నిలబడి చీర కుచ్చెళ్లు రెండు చేతులతో పైకెత్తుకుంది, తడవకుండా. మేము నవ్వితే కోపం వచ్చి తీసేసింది.

అందులో పడవ ఎక్కే ఆట కూడా ఉందేమోనని అన్నయ్యను మెల్లగా అడిగాను. ఎందుకని అడిగితే, ఉద్యోగంలో పడవ ఎక్కాల్సి వస్తోందని, భయంగా ఉందని నిజం చెప్పాను. ఇంట్లో ఆ నిజం చెప్పింది అతనొక్కడికే, అమ్మకు ఆటేనని చెప్పాను. అన్నయ్య నవ్వలేదు. ఒక సరస్సు, అందులో చిన్న పడవ ఉన్న ప్రోగ్రాం వెతికి అందులోకి దించిపెట్టాడు. ఒకసారి దిగాక ఇంటర్నెట్ లేకపోయినా పని చేస్తుందన్నాడు. ఎలా వాడాలో చూపించి, వెళ్లేటప్పుడు నెలరోజులు ఉంచుకోమని నాకే ఇచ్చేశాడు.

“భయమేస్తే తీసెయ్ చెల్లీ. అంతే. ఎవరూ ఏమీ అనరు” అన్నాడు.

మేడ మీద ఒక గది ఉంది, పండగ సామాన్లు పెట్టుకునేది. ఆదివారం మధ్యాహ్నాలు, మిగతా రోజుల్లో రైలు దిగి వచ్చాక ఒక గంట అక్కడ గడిపేదాన్ని. మొదట చేతిలోని కంట్రోలర్‌తో నేల మీద గీత గీసుకోవాలి. ఇంత మేర ఖాళీ ఉంది, ఇందులో తిరగవచ్చు అని దానికి చెప్పడమన్నమాట. ఆ గీత లోపల ఉన్నంతసేపు సరస్సే. గీత దాటబోతే గాలిలో నీలం రంగు వల లాంటిది లేస్తుంది. ఇంకా ముందుకు జరిగితే సరస్సు చెదిరిపోయి మా గది బూడిదరంగులో కనిపిస్తుంది. గోడ, ఇత్తడి బిందెలు, తలుపు దగ్గర ఏమవుతానోనని నిలబడ్డ అమ్మ.

మొదటి రోజు పడవ కనపడగానే హెడ్‌సెట్ తీసేశాను. మళ్లీ పెట్టుకున్నాను. నీళ్లు నాలుగువైపులా ఉన్నాయని తల తిప్పితే తెలిసింది, మళ్లీ తీసేశాను. ఆ రోజు డైరీలో ‘పదకొండుసార్లు తీశాను’ అని ఉంది. మరుసటి రోజు తొమ్మిదిసార్లు. పది రోజులకు నాలుగు. ఆ అంకెలు తగ్గుతుంటే నా భయం కూడా తగ్గుతోందనుకున్నాను.

దాని మేలు నేను కాదనలేను. నాలాంటిదానికి ఎవరూ చూడని చోటు కావాలి. ఈత నేర్పేవాళ్ల దగ్గరికి వెళ్లాలంటే ముందు వాళ్లతో మాట్లాడాలి, నలుగురి ముందు వణకాలి. ఇక్కడ ఎవరినీ అడగక్కర్లేదు. గోడకున్న ప్లగ్గు చాలు. వైర్లేవీ లేవు కనక కాళ్లకు ఏదీ తగలదు, ఎటు తిరిగినా సరస్సు నాతోపాటు తిరుగుతుంది. మూడో వారానికి పడవ అంచు మీదికి వంగి నీళ్లలోకి చూడగలిగాను. లోపల చేపలు కూడా ఉన్నాయి. కొల్లేరు చేపలు కావు, రంగురంగులవి. అయినా చూశాను.

కష్టాలూ ఉన్నాయి. బరువంతా ముందువైపే. అరగంటకు చెంపలు నొప్పెట్టేవి. నా కళ్లజోడు మీద దాన్ని ఎక్కించడం ఒక పెద్ద పని. మా ఊరి ఉక్కకు లోపల చెమట పట్టి అద్దాలు మసకబారేవి, సరస్సు మీద పొగమంచు కమ్మిందనుకునేదాన్ని. రెండు గంటలు కాకముందే ఛార్జింగ్ అయిపోయేది. తీశాక నుదుటి మీద, బుగ్గల మీద ఎర్రగా అచ్చు పడేది. ఆ మొహంతో కిందికి దిగితే నాన్నగారు, “ఏమ్మా, నిద్రపోయావా?” అనేవారు. అవునండీ అనేదాన్ని.

అన్నిటికంటే ఇబ్బంది ఏమిటంటే, కళ్లకు ఊగుతున్నట్టు ఉండేది, ఒంటికి ఊగినట్టు ఉండేది కాదు. నేను కూర్చున్నది చెక్క స్టూలు మీద. అది కదలదు. కడుపులో తిప్పేది. ఒకరోజు అమ్మను పిలిచి, స్టూలు కొంచెం అటూఇటూ ఊపమన్నాను. అమ్మ, “ఇలాగా?” అంటూ పిండి జల్లించినట్టు ఊపింది. హెడ్‌సెట్ తీసి బాత్‌రూమ్‌కి పరిగెత్తాను. తరవాత ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఆ నెలలో నేను నవ్విన రోజు అదొక్కటే అనుకుంటాను.

అమ్మకు ఇంకో భయం ఉండేది. హెడ్‌సెట్ ముందు భాగంలో నాలుగు చిన్న కెమెరాలుంటాయి. గది ఎంతుందో అవే చూసుకుంటాయి. “అది మనింటిని చూస్తూంటే, చూసింది ఎవరికి చెబుతోందో” అనేది. వాడనప్పుడు దాన్ని గోడవైపు తిప్పి పైన తువ్వాలు కప్పేది. అన్నయ్యకు ఫోన్ చేసి అడిగితే, అవసరం లేనివన్నీ సెట్టింగ్స్‌లో ఆపేశానన్నాడు. నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. నా డైరీ ఉండే గదిలోకి మాత్రం దాన్ని ఎప్పుడూ తీసుకెళ్లలేదు.

నెల గడిచింది. వెళ్లాల్సిన రోజుకు ముందు సాయంత్రం ఆ పడవలో గంటసేపు కూర్చున్నాను. ఒక్కసారి కూడా తీయలేదు. డైరీలో సున్నా వేసి కింద గీత గీశాను.

మర్నాడు తెల్లవారుజామునే రైలు ఎక్కాను. పుస్తకం తెరవలేదు. దెందులూరు దగ్గర కిటికీలోంచి చెరువులు కనిపిస్తే తల ఇటు తిప్పుకున్నాను. ఏలూరులో సారు కారు తెచ్చారు. కొల్లేరు వైపు వెళ్తున్నంతసేపూ ఆయన ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నారు. ఆ చెరువులో పొద్దున్నే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయట, రైతు ఏడుపొక్కటే తక్కువట, ఎండ ఎక్కకముందే నీళ్లు పట్టాలట. ల్యాబ్ పెట్టె ఒళ్లో పెట్టుకొని గట్టిగా పట్టుకున్నాను.

గట్టు మీద ఒక షెడ్డు. చెరువుకు కాపలా ఉండే భార్యాభర్తలు అందులోనే ఉంటారు. భర్త మేత దించడానికి రోడ్డు మీదికి వెళ్లాడట, ఆవిడ ఒక్కతే ఉంది. మా పెద్దమ్మ వయసు ఉంటుంది. చీర మోకాళ్ల పైకి దోపుకొని, నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

“ఈత వచ్చాండీ అమ్మాయిగారూ?”

“రాదండీ.”

“పర్లేదు, పడవకి వచ్చు. రండి.”

ఇనుప రేకుతో చేసిన చిన్న పడవ. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్లు తగులుతాయి. చెరువుకు అడ్డంగా ఈ గట్టు నుంచి ఆ గట్టుకు లావుపాటి నైలాన్ తాడు కట్టి ఉంది. దానికి వరసగా మేత సంచులు వేలాడుతున్నాయి, అడుగున చిల్లులతో. చేపలు కింద నుంచి వచ్చి ఆ చిల్లుల దగ్గర మూతులు పెట్టి మేత లాక్కుంటాయి. పడవకు తెడ్డు లేదు. ఆ తాడునే ఒక చేతి తరవాత ఒక చేత్తో లాక్కుంటూ వెళ్లడమే.

పడవలో కాలు పెట్టగానే అది నా బరువుకు కిందికి దిగింది. మా స్టూలు ఎప్పుడూ అలా దిగలేదు. బురద, నాచు, చేపల వాసన గుప్పున కొట్టాయి. నా సరస్సులో వాసన లేదు. గట్టు వెనక్కి జరుగుతుంటే నేను ఆవిడ చేతులనే చూస్తూ కూర్చున్నాను. ఎండకు నల్లబడిన వేళ్లు తాడు మీద ఒకదాని తరవాత ఒకటి పడుతున్నాయి. చుట్టూ నీళ్ల మీద వందల నోళ్లు తెరుచుకుంటూ మూసుకుంటున్నాయి. అన్నీ ఊపిరి కోసం.

మధ్యకి వచ్చాక ఆవిడ పని చెప్పింది. “నేను ఇటు వాలి సీసా దింపుతాను. మీరు అటుపక్క తాడు పట్టుకొని అటే వాలి కూకోండి. మీరు వదిలితే పడవ నా మీదికి తిరగబడుద్ది. సీసా నిండేదాకా వదలకండి.”

అలాగేనండీ అన్నాను. రెండు చేతులతో తాడు పట్టుకున్నాను. ఆవిడ అంచు మీదికి వాలి, బరువు కట్టిన సీసాను తాడుతో కిందికి వదిలింది. పడవ ఒక పక్కకు ఒరిగింది. నేను వెనక్కి వాలాను. నీళ్లు నా నడుము పక్కకు వచ్చేశాయి, నా భుజం కింద, నా చెవి దగ్గర. ఒక పెద్ద చేప పడవ రేకుకు తగిలి ఠంగుమంది.

తరవాత జరిగింది క్షణంలోనే, కాని ఇప్పటికీ నాకు ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. చుట్టూ నల్లబడినట్టయింది. చెవుల్లో హోరు. నా రెండు చేతులూ తాడు వదిలి మొహం మీదికి వెళ్లాయి. చెంపల రెండువైపులా పట్టుకొని పైకి లాగాయి. తీసెయ్, అంతే. నా వేళ్లకు తగిలింది కళ్లజోడు. అది ఊడి ఒక చెవికి వేలాడింది. కళ్లు తెరిస్తే మేడ మీద గది లేదు. అమ్మ లేదు. నీళ్లే ఉన్నాయి.

పడవ ఒక్కసారిగా ఆవిడవైపు ఒరిగిపోయింది. ఆవిడ నీళ్లలో పడిపోయింది.

నేను పడవ లోపల బోర్లా పడి ఉన్నాను. ఆవిడ పడ్డ చోట బుడగలు వస్తున్నాయి. మనిషి రాలేదు. గట్టు మీద సారు ఫోన్లో మాట్లాడుతూ అటు తిరిగి ఉన్నారు. అరవాలనుకున్నాను. నా గొంతు ఎప్పుడూ అంత దూరం వెళ్లింది కాదు. ‘అమ్మా’ అనబోతే గాలే వచ్చింది. ఈవిడ చచ్చిపోయింది, నేనే చంపాను అనుకున్నాను. ఇంకేమీ అనుకోలేదు.

పడవకు అటుపక్క నుంచి చెయ్యి ఒకటి పైకి వచ్చి రేకు అంచును పట్టుకుంది. ఆ తరవాత తల. జుట్టంతా బురద. ఆవిడ దగ్గి, నీళ్లు ఉమ్మి, నావైపు చూసింది. నేను ఆవిణ్ణి పట్టుకుందామని అటువైపు వంగబోయాను.

“ఇటు రామాకండి” అంది, కోపంగా కాదు, గట్టిగా. “అటు జరిగి తాడు పట్టుకోండి. రెండు చేతుల్తో. నేనెక్కుతాను.”

పట్టుకున్నాను. ఆవిడ ఎక్కేదాకా కళ్లు మూసుకొనే పట్టుకున్నాను. ఆవిడ మోచేతి దగ్గర చర్మం లేచి నెత్తురు కారుతోంది. సీసా, దానికి కట్టిన తాడు చెరువులోనే ఉండిపోయాయి. ఆవిడే తాడు లాగుతూ పడవను గట్టుకు చేర్చింది.

సారు పరిగెత్తుకొచ్చారు. ఏమైందని అడిగితే ఆవిడ నన్ను చూసి, తడి చీర పిండుకుంటూ, “నాకే కాలు జారిందండీ” అంది.

ఆ మాట విని నాకు ప్రాణం లేచివచ్చింది. అది రాయకుండా దాచుకోవాలని ఉంది కాని రాస్తున్నాను. ఆవిడ నెత్తురు చూస్తూనే, నా ఉద్యోగం నిలబడింది అనుకున్నాను.

సారు ఆవిణ్ణి తిట్టడం మొదలుపెట్టారు. నీళ్లలోనే పుట్టి పెరిగిన మనిషివి, ఆ మాత్రం చూసుకోవద్దా అన్నారు. ఈ పిల్లకు ఏమైనా అయ్యుంటే వాళ్ల నాన్నకు నేనేం చెప్పుకోవాలి అన్నారు. ఇలాంటివాళ్లను కాపలా పెడితే లాభం లేదని, వేరే మనుషుల్ని చూసుకోమని రైతుకు ఇప్పుడే చెబుతానని ఫోన్ తీశారు. ఆవిడ మోచేతిని కొంగుతో అదుముకుంటూ నిలబడింది. వెనక షెడ్డు, దాని ముందు కట్టిన దండెం మీద వాళ్ల బట్టలు. ఆ ఫోన్ కలిస్తే వాళ్లు ఆ షెడ్డు ఖాళీ చేయాలి.

“ఆవిడ తప్పు కాదండీ” అన్నాను.

సారుకు వినిపించలేదు. మళ్లీ అన్నాను, ఇంకొంచెం గట్టిగా. ఆయన ఫోన్ చెవి నుంచి తీశారు.

“నేను తాడు వదిలేశానండీ. వదలొద్దని చెప్పారు ఆవిడ. నేనే వదిలేశాను. నాకు నీళ్లంటే భయం.”

“మరి ముందే ఎందుకు చెప్పలేదమ్మా?”

“మాన్పించేస్తారని.”

తరవాత హెడ్‌సెట్ సంగతి చెప్పాల్సి వచ్చింది. ఎప్పుడూ అన్ని మాటలు ఆయన ముందు మాట్లాడలేదు. నెలరోజులు ఇంట్లో పడవ ఎక్కానని, భయమేసినప్పుడల్లా రెండు చేతులతో దాన్ని తీసేశానని, ఆ అలవాటే ఇక్కడా వచ్చేసిందని చెప్పాను. చెబుతుంటేనే నాకు అర్థమవుతోంది. పదకొండుసార్లు, తొమ్మిదిసార్లు, నాలుగుసార్లు అని రాసుకున్నవన్నీ నా చేతులకు ఇచ్చిన శిక్షణ. హెడ్‌సెట్ నా కళ్లకు నీళ్లను అలవాటు చేసింది, అది నిజం. అది లేకపోతే నేను ఆ పడవలో కాలు కూడా పెట్టేదాన్ని కాదు. కాని భయం వస్తే చేతులు ఎటు వెళ్లాలో కూడా అదే నేర్పింది, తప్పుగా నేర్పింది. తీసేయగలగడం వల్లే దాన్ని పెట్టుకునే ధైర్యం వచ్చింది. చెరువులో తీసేయడానికి ఏమీ లేదు.

ఆవిడ నోరు తెరిచి వింది.

“అంటే కళ్లకి గంతలు కట్టుకొని, స్టూలు మీద కూకొని, పడవెక్కారాండీ నెల్లాళ్లు?”

“అవునండీ.”

“ఈ చెరువు ఇక్కడే ఉంది కదండీ. ఓ మాటు వచ్చినా ఎక్కించేదాన్ని.”

అడగాలంటే మాట్లాడాలి కదా అని చెప్పలేకపోయాను.

సారు ఫోన్ జేబులో పెట్టేసుకొని, నా ఉద్యోగం సంగతి తరవాత మాట్లాడదామన్నారు. ముందు నీళ్లు కావాలి. గట్టు పక్కనే చేపలు ఇంకా నోళ్లు తెరుస్తున్నాయి, ఎండ షెడ్డు రేకుల మీదికి వచ్చేసింది. కార్లో బరువు, తాడు కట్టిన సీసాలు ఇంకా ఉన్నాయి, వెళ్లే మనిషి లేడు. తాను ఎక్కితే పడవ మునుగుతుందని ఆయనే తన పొట్ట చూసుకొని అన్నారు.

“ఈ అమ్మాయిగారినే ఎక్కించండి” అంది ఆవిడ, మోచేతికి గుడ్డ కట్టుకుంటూ. “కొత్తవాళ్లొస్తే మళ్లీ మొదట్నించీ చెప్పాలి. ఈవిడకైతే తాడు వదిలితే ఏమవుద్దో తెలిసింది.”

సారు నావైపు చూశారు. కాదని చెబితే ఎవరూ ఏమీ అనరని తెలుసు. సాయంత్రం ఇంటికి వెళ్తే నాన్నగారు కూడా ఏమీ అనరు. కుర్చీ వేయిస్తారు, ఫ్యాను నావైపు తిప్పుతారు. నేను ఆవిడ మోచేతికి కట్టుకున్న గుడ్డను చూశాను. అది అప్పటికే ఎర్రబడింది.

“వెళ్తానండీ” అన్నాను. ‘అలాగేనండీ’ అని రాలేదు నోటికి, ఎందుకో.

ఈసారి ఆవిడ తాడు ముట్టుకోలేదు. నన్నే లాగమంది. “చేతులు ఖాళీగా ఉంటే మొహం మీదికి పోతాయి” అంది. నేను ఒక చేతి తరవాత ఒక చెయ్యి వేస్తూ లాగాను. తాడు జారుడుగా, నాచు పట్టి ఉంది. ప్రతి సంచీ దగ్గరా చేతిని తీసి అవతల వెయ్యాలి. తీసిన ప్రతిసారీ ఒక చెయ్యే తాడు మీద ఉంటుంది. అలా ఎన్నిసార్లు తీశానో లెక్కపెట్టలేదు. నా పళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి, అది ఆవిడకు వినపడి ఉంటుంది.

మధ్యలో ఆవిడ ఆగమంది. సీసా చేతిలోకి తీసుకొని, నా కళ్లలోకి చూసి, “వాల్తున్నాను” అంది.

వాలింది. పడవ ఒరిగింది. నేను వెనక్కి వాలాను. నీళ్లు మళ్లీ నా చెవి దగ్గరికి వచ్చాయి. హోరు మొదలైంది. నా చేతులు వెళ్లిపోతామంటున్నాయి, భుజాల దగ్గర నుంచి వాటి లాగుడు నాకు తెలుస్తోంది. తాడును అరచేతుల్లోకి ఇంకా తిప్పి చుట్టుకున్నాను. కళ్లు మూసుకుంటే వంకర దీపాలు కనిపిస్తాయని తెరిచే ఉంచాను. ఎదురుగా ఒక మేత సంచీ, దాని మీద వెలిసిపోయిన ఎరువుల కంపెనీ బొమ్మ.

“ఇంకెంతసేపండీ?” అన్నాను.

“సీసా నిండాలి కదమ్మా. బుడగలు వస్తన్నాయి ఇంకా.”

నాకు బుడగలు కనిపించడం లేదు, ఆవిడ వీపే కనిపిస్తోంది, తడి రవికె, దాని మీద ఎండిపోతున్న బురద. ఆ వీపు నీళ్లలోకి వెళ్లకుండా ఉండాలి. అదొక్కటే పని. బుడగలు ఆగాయని ఆవిడ చెప్పేదాకా అదే పని చేశాను.

ఆవిడ లేచి కూర్చొని, నా చేతుల్లోంచి తాడు తీసుకొని తాను పట్టుకుంది. సీసా నాకిచ్చింది. మొదటి మందు రెండు చుక్కలు ఎక్కువే పడింది. రెండోది వేసి మూత బిగించి, తలకిందులు చేసి తిప్పాను. ప్రాణవాయువు బాగా ఉంటే లోపల ముదురు గోధుమరంగు మబ్బు కడుతుంది. అసలు లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. ఆవిడ కూడా సీసా వైపు వంగి చూసింది, నేను చెప్పకుండానే. కొంచెంసేపటికి అడుగున లేత గోధుమరంగు పొర దిగింది.

“ఉన్నట్టా, లేనట్టా?”

“ఉందండీ. చాలా తక్కువ. కాని ఉంది.”

“అయితే పదండి. ఇంకా రెండు చోట్ల పట్టాలన్నారు మీ సారు.”

సీసాను పెట్టెలో పెట్టి మూత వేశాను. అరచేతుల్లో తాడు అచ్చులు ఎర్రగా లేచాయి. అటువైపు తాడు ఇంకా చాలా దూరం ఉంది, సంచీ తరవాత సంచీ. గట్టు కనపడటం లేదు, ఎండ కళ్లలో పడుతోంది. తాడు మీద చేతులు వేశాను.